వెనక మనుషులు లేని బండి

ఏదీ ముట్టుకోవద్దని చెప్పి, పరీక్ష పెట్టాల్సిన మేస్త్రీ భోజనానికి వెళ్ళాడు కాబట్టి దూది లారీ క్యాబినులో తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చేతులైతే మాట వింటాయి గానీ కాళ్ళు వినవు కదా, కుడికాలు తనంతట తానే ఆడుతోంది, దాన్ని ఎడమకాలితో తొక్కిపట్టాడు, కాసేపటికి ఎడమకాలు అందుకుంది. ఎదురుగా పెద్ద అద్దం, అద్దానికి అవతల యార్డు, యార్డంతా ఎండ. ఇంత ఎత్తున కూర్చుంటే మనుషులు ముఖాలతో కాక నడినెత్తులతో కనిపిస్తున్నారు, గేటు దగ్గర కునికిపాట్లు పడుతున్న వాచ్‌మన్ బట్టతల, టైర్లకు గాలికొట్టేవాడి టోపీ, నీళ్ళ డ్రమ్ము మీద బోర్లించిన మగ్గు, అన్నీ పైనుంచే. పరీక్ష ఏమంత పెద్దదని, ఆ మూలన పెయింటు డబ్బాలు నిలబెట్టిన సందులోకి ఈ ట్రైలరు లారీని వెనక్కి నడిపి పెట్టాలి, తర్వాత రోడ్డు మీద ఒక చుట్టు, అంతే. పాసైతే సోమవారం లోడు. సోమవారం లోడంటే ఇవాళ సాయంత్రంలోగా పాత ఉద్యోగానికి దణ్ణం పెట్టి రావాలి. ఆ పాత ఉద్యోగంలో మాత్రం ఇవాళ అతను జ్వరంతో పడుకుని ఉన్నాడు. అలాగని పొద్దున్నే తనే ఫోను చేసి చెప్పాడు, గొంతు బొంగురు పెట్టి మరీ, ఇన్నేళ్ళలో మొదటి సెలవు, అదీ అబద్ధం మీద.

దూది అన్నది అమ్మానాన్న పెట్టిన పేరు కాదు, బండిలోవాళ్ళు పెట్టింది. కిడ్నీలు పాడైనవాళ్ళను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, రక్తం కడిగే మిషన్లున్న ఆసుపత్రికి తీసుకెళ్ళి, పని అయ్యాక మళ్ళీ ఎవరి గుమ్మంలో వాళ్ళను దించే తెల్ల వ్యాను అతనిది. అతనిదంటే ఆసుపత్రిదే అనుకోండి, కానీ తాళం అతని జేబులో ఉంటుంది. వారానికి మూడుసార్లు అవే ముఖాలు, అవే సందులు. మిషను మీదనుంచి లేచాక వాళ్ళ ఒళ్ళు పిండి ఆరేసిన బట్టలా ఉంటుంది, కాస్త గట్టిగా బ్రేకు పడిందంటే కళ్ళు తిరుగుతాయి, సూదులు గుచ్చిన చెయ్యి సీటు అంచుకు తగిలిందంటే ప్రాణం పోయి వస్తుంది. అందుకని బ్రేకు వేసినట్టు తెలియకుండా బ్రేకు వెయ్యడం నేర్చుకున్నాడు, ఎవరూ నేర్పలేదు, వెనకనుంచి వచ్చే మూలుగే నేర్పింది. దగ్గరదారి గుంతలమయమైతే చుట్టుతిరిగి పోయేవాడు, పెట్రోలు ఎక్కువైందని మేనేజరు అడిగితే ట్రాఫిక్కనేవాడు. ఒకరోజు ఆ పేషెంట్లలో ఒకావిడ, దర్జీ అత్త, దిగుతూ, నీ బండిలో కూర్చుంటే దూదిలో పెట్టి తెచ్చినట్టుంటుంది నాయనా అంది, అంతే, మర్నాటికి నర్సులు కూడా దూదీ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు ఇక్కడ ఎవరికీ తెలియకుండా ఉంటే బాగుండును. దూది అనేవాడు లారీ తోలుతాడా అంటే యార్డంతా నవ్వదూ. కడుపులో చల్ల కదలని ఉద్యోగం అని చుట్టాలంతా అతన్ని చూసి కుళ్ళుకుంటారు, నెల తిరిగేసరికి జీతం, చీకటి పడకముందే ఇల్లు, ఆదివారం సెలవు. చల్ల కదలకపోతే పులిసిపోతుందిరా అని బావ అంటాడు.

బావ అంటే భార్యకు అన్న, వయసంతా లారీల మీదే గడిపినవాడు, నడుము పట్టేసి ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళకు సలహాలిస్తుంటాడు. ట్రైలరు విద్య అతనే నేర్పాడు, మొదట భోజనాల బల్ల మీద, చెప్పుల పెట్టెకు వెనక మూతను ట్రైలరులా కట్టి. చూడరా, తోక కుడికి పోవాలంటే మూతి ఎడమకు తిప్పాలి, మన చిన్న బండ్ల బుద్ధి ఇక్కడ పనికిరాదు, చెయ్యి చెప్పినట్టు వింటే గోడకు గుద్దుతావు. పెట్టెతో బాగానే వచ్చింది. తర్వాత స్నేహితుడి లారీ అడిగి తెచ్చి ఖాళీ స్థలంలో చేయిస్తే ప్రతిసారీ చెయ్యి పాత బుద్ధే చూపించేది, ట్రైలరు మడత పడిపోయి మోచెయ్యి ముడిచినట్టు అడ్డంగా నిలిచేది, బావ కిందనుంచి తిట్టేవాడు, ముందుకు తీసి మళ్ళీ మొదలెట్టు, ముందుకు తియ్యడం సిగ్గు కాదు, గుద్దడం సిగ్గు. అది నేర్చుకున్నాడు. కానీ ఇంకొకటి మాత్రం పోవడం లేదు. వ్యానులో తలకు కాస్త పైన నడిమి అద్దం ఉంటుంది, అందులో వెనక కూర్చున్నవాళ్ళ ముఖాలు కనిపిస్తుంటాయి, ఎవరి పెదవులు తెల్లబడ్డాయి, ఎవరు తల వాల్చేశారు, ఎవరు నిద్రపోయారు, ఎవరిది నిద్ర కాదు. ఇన్నేళ్ళు క్షణానికోసారి కన్ను అక్కడికి పోయేది. లారీలో ఆ అద్దం ఉండదు, ఉన్నా కనిపించేది క్యాబిను వెనకగోడే, చూడాల్సినవన్నీ రెండు పక్కల బయట ఉంటాయి. అయినా కన్ను పైకే పోతుంది, అంతలో పక్క అద్దంలో ట్రైలరు తప్పిపోతుంది. పైన దేవుడున్నాడా అక్కడ, ఎందుకు మాటిమాటికీ చూస్తావు అని బావ అరిచాడొకసారి. ఇప్పుడు కూడా దూది పైకి చూశాడు. రేకు, రెండు స్క్రూలు, ఎవరో అంటించి పీకేసిన స్టిక్కరు తాలూకు జిగురు.

దాహంగా ఉంది. నీళ్ళ సీసా కిందే వదిలేశాడు, దిగి తెచ్చుకోవచ్చు గానీ దిగేటప్పటికి మేస్త్రీ వస్తే, కూర్చోమంటే దిగావెందుకంటాడేమో. మేస్త్రీ ముఖం చూస్తే ఏదీ తెలియదు, కాగితం చూసి, లైసెన్సు చూసి, ఊఁ అన్నాడు, ఆ ఊఁ లో ఏముందో వెతుక్కుంటూ కూర్చోవాలి. ఇంటి దగ్గర భార్య కూడా అలాగే ఊఁ అంది. పెద్దబండి ఎక్కితే నాలుగు ఊళ్ళు తిరగొచ్చు, నాలుగు రాళ్ళు వెనకేసుకోవచ్చు, పిల్ల చదువు పెద్దదవుతోంది, ఎన్నాళ్ళని ఈ సందుల్లో తిరుగుతాను, అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆమె కూర తరుగుతూ వింది, కత్తిపీట మీదనుంచి తలెత్తలేదు. అంతా అయ్యాక, వెళ్తే వెళ్ళండి, నేను కాదనను, నాకు చెప్పిన కారణం మీరు కూడా నమ్మితే సరే, అంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషితో కాపురం చేస్తే ఇలాగే ఉంటుంది. ఆ మాట మీద అతనికి కోపం వచ్చి ఆ పూట సరిగ్గా తినలేదు. కోపం ఆమె మీద కాదని తెలుసు. పెద్ద బండి మీద మోజు అబద్ధం కాదు కదా, చిన్నప్పటినుంచీ ఉంది, రోడ్డు మీద ట్రైలరు పోతుంటే సైకిలాపి చివరిదాకా చూసేవాడు, ఆ మోజు ఇన్నేళ్ళూ ఎక్కడ పడుకుంది, ఈ రెండు నెలల్లోనే ఎందుకు లేచింది, అదీ ప్రశ్న. పైకి పోతున్నాడా, పారిపోతున్నాడా. పారిపోయేవాడికి ఇంత పెద్ద బండి ఇవ్వొచ్చా.

తపాలాయన ఉంటే ఏదో ఒకటి అనేవాడు. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి, సరిగ్గా డ్రైవరు వెనక సీటు, ఇంకెవరైనా కూర్చుంటే అడ్రసు తప్పిందమ్మా అని లేపేవాడు. ఎక్కగానే బెల్టు పెట్టుకుని టిక్కుమనిపించేవాడు, పక్కన దర్జీ అత్తది ఇంకో టిక్కు, ఆ వెనకవాళ్ళవి ఇంకొన్ని, అన్నీ వినిపించాకే దూది బండి కదిలించేవాడు. మిషను ఎక్కే ముందూ దిగాకా వాళ్ళను తూస్తారు, ఒంట్లో చేరిన నీళ్ళు ఎంత దిగాయో చూడ్డానికి, ఆ అంకెల మీద ఇద్దరూ పందేలు కాసేవాళ్ళు, నాకంటే నువ్వు ఎక్కువ తాగావు చూడు, దొంగతనంగా తాగావు చూడు, అని ఆమెను ఏడిపించేవాడు. ఇక్కడ కూడా లారీలను తూస్తారు, అదుగో గేటు పక్కన కాటా, ఖాళీ లారీ ఒకటి దాని మీద నిలబడి ఉంది. తపాలాయన చూస్తే, అమ్మో, దీనికి ఎంతసేపు మిషను పెట్టాలిరా, అనేవాడు. నవ్వొచ్చింది, అతనికి నిజంగానే నవ్వొచ్చింది. తపాలాయన రెండు నెలల కిందట ఒక ఆదివారం పోయాడు. ఆదివారం బండి లేదు. కబురు తెలిసి దూది వెళ్ళాడు, నలుగురితో పాటు నిలబడ్డాడు, ఆయన భార్య పెద్దావిడకు ఏం చెప్పాలో తెలియక చేతులు జోడించి వచ్చాడు. అంతా చూశాడు, అంతా తెలుసు. తెలిసీ ఆ మర్నాడు పొద్దున, దర్జీ అత్తను ఎక్కించుకున్నాక, చేతులు బండిని తపాలాయన ఇంటి సందులోకి తిప్పాయి. చేతులు తిప్పాయంటే ఎవరు నమ్ముతారు, మేనేజరు నమ్ముతాడా, మేస్త్రీ నమ్ముతాడా, కానీ అంతే జరిగింది, నీలం గేటు ముందు ఆపి, రోజూ కొట్టినట్టే చిన్నగా హారను కొట్టాడు.

తలుపు తెరుచుకుంది. పెద్దావిడ సంచి పట్టుకుని బయటికి వచ్చింది. దుప్పటి, చిన్న దిండు, నీళ్ళ సీసా, అన్నీ సర్ది ఉన్న సంచి, ఆ హారను వినగానే ఆమె చేతులు కూడా వాటంతటవే సర్దాయి కాబోలు, లేకపోతే విప్పనే లేదేమో, గేటు దాకా వచ్చి, గడియ మీద చెయ్యి వేసి, అప్పుడు ఆగింది. బండి వైపు చూసింది, సంచి వైపు చూసింది. భూమి చీలితే బాగుండునని దూది అనుకున్నాడు, ఎవరికీ అపకారం చెయ్యని ఆ ఇంటి ముందుకు వచ్చి హారను కొట్టాడు, ఇంకెవరు చేస్తారు ఇలాంటి పని. ఆమె తిట్టలేదు. నువ్వు కూడానా నాయనా అంది, అంతే, మెల్లగా లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ రోజంతా బండి ఎలా నడిపాడో తెలియదు. సాయంత్రం తిన్నగా బావ ఇంటికి వెళ్ళి పెద్దబండి నేర్పమన్నాడు. ఎందుకని బావ అడగలేదు, అడిగితే ఏం చెప్పేవాడు. సిమెంటు బస్తాలకు గుమ్మాలుండవు. ఇనుప చువ్వల కోసం ఎవరూ తలుపు తీసుకుని బయటికి రారు. ఎక్కడ ఎక్కించమంటే అక్కడ ఎక్కిస్తాడు, ఎక్కడ దించమంటే అక్కడ దించుతాడు, వాటిలో ఒకటి తగ్గితే అడగడానికి మనుషులుంటారు, తను బాధపడక్కర్లేదు. దర్జీ అత్త ఈమధ్య చిక్కిపోయింది. సూది పెట్టే చెయ్యి మార్చారు. మొన్న నడిమి అద్దంలో చూస్తే కళ్ళు మూసుకుని ఉంది, నిద్రేలే అనుకుని, కాదేమోననుకుని, బండి పక్కకు తీసి ఆపితే, ఏరా పెట్రోలు అయిపోయిందా అంది. ఆ రోజు చెప్పాలనుకున్నాడు. నీళ్ళు నమిలాడు. ఇవాళ ఆమె రోజే. ఈపాటికి మిషను మీద ఉంటుంది.

ఫోను మోగింది, జేబులో ఒక్కసారి పాము కదిలినట్టయింది. దర్జీ అత్తే.

“జ్వరం ఎంతుంది?” అంది, హలో కూడా లేకుండా. వెనక మిషను చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

“తగ్గిందత్తా.”

“తగ్గితే గొంతు అలా ఉందేం? మందు వేసుకున్నావా? ఈ కొత్తవాణ్ణి తిరిగెళ్ళేటప్పుడు మీ వీధి మీదుగా పోనివ్వమన్నాను. ఒక్క నిమిషం చూసి పోతా.”

“వద్దత్తా, మేడ మెట్లు నువ్వెక్కలేవు.”

“ఎక్కుతానన్నానా? కింద నిలబడి పిలుస్తా, నువ్వే కిటికీలోకి రా.”

ఇంటికి ఆమె పోతే, భార్య కిందికి వస్తే, లేరండీ లారీ పరీక్షకు వెళ్ళారు అంటే. పోనీ ఇప్పుడే నిద్రపోతున్నానంటే, ఇవాళ వేరే ఊరు పోతున్నానంటే, ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం అతికించడానికి నోరు తెరిచేలోగా కాటా మీది లారీ గేటు తియ్యమని హారను మోగించింది, యార్డు దద్దరిల్లింది, కునుకుతున్న వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“మీ ఇంట్లోకి లారీలు ఎప్పుడొచ్చాయి నాయనా?” అంది దర్జీ అత్త.

ఇంక దాచడానికి ఏముంది. చెప్పేశాడు, జ్వరం లేదని, ట్రైలరు లారీలో కూర్చుని ఉన్నానని, మేస్త్రీ భోజనానికి పోయాడని, పాసైతే సోమవారం నుంచి రానని, అన్నీ ఒక్క గుక్కలో, ఆగితే చెప్పలేనన్నట్టు. అవతల మిషను కీచుమంది, ఎవరో నర్సు వచ్చి ఏదో నొక్కితే ఆగింది. లైను పోయిందేమోనని ఫోను చెవినుంచి తీసి చూశాడు, పోలేదు.

“నాకు కోపం వచ్చింది,” అంది చివరికి. “తర్వాత పోతుందేమో గానీ ఇప్పుడైతే వచ్చింది. పొద్దున్నే నీకు తగ్గాలని దణ్ణం పెట్టుకున్నాను. నాకైనా చెప్పాల్సింది.”

“నీకే చెప్పలేకపోయానత్తా.”

“ఎందుకని?”

ఎందుకని. భార్యకు చెప్పిన కారణం, మేస్త్రీ అడిగితే చెప్పాలని దారంతా వల్లెవేసుకొచ్చినది, రెండూ నాలుక మీద వరసగా ఉన్నాయి, ఏదీ కదల్లేదు. “పారిపోతున్నానత్తా,” అన్నాడు. “ఆ రోజు ఆ అమ్మ సంచి పట్టుకుని బయటికి వచ్చింది. ఇంకో గుమ్మం ముందు అలా నిలబడలేను.”

“ఇంకో గుమ్మం అంటే నాదేగా,” అంది.

ఆ మాట బయట పడ్డందుకు అతనికి సిగ్గేసింది, ఎదటి మనిషి చావు గురించి ఆ మనిషితోనే మాట్లాడుతున్నాడు, అదీ ఆమె చేతికి సూదులుండగా. ఏడుపు వచ్చింది. ఫోను నోటికి దూరంగా పట్టుకున్నాడు గానీ ఆమెకు వినపడే ఉంటుంది.

“ఆ రోజు బండిలో నేనూ ఉన్నాను కదరా. నువ్వు ఆ సందులోకి తిప్పుతుంటే చూస్తూనే ఉన్నాను. వద్దని చెప్పొచ్చు. నేనేం చేశానో తెలుసా? ఆయన ఎక్కుతాడని పక్కకు జరిగాను.” కాసేపు ఊపిరి తీసుకుంది. “ఇన్నాళ్ళూ నువ్వొక్కడివే మోస్తున్నావా దాన్ని?”

అతను ముక్కు తుడుచుకున్నాడు.

“పారిపోతే తప్పేముంది? వారానికి మూడుసార్లు నేను ఇక్కడికి వచ్చేది ఎందుకనుకున్నావు, చుట్టరికానికా? పారిపోవడానికే. తపాలాయనా అందుకే వచ్చాడు, వచ్చినన్నాళ్ళూ పారిపోయాడు. ఆ బండి నడిపింది ఎవరు? నువ్వే. మమ్మల్ని పారిపోనిచ్చి, నీ వంతు వచ్చేసరికి మొహమాటం దేనికి?”

“అత్తా…”

“కొత్తవాడు బాగానే ఉన్నాడు. బ్రేకు గట్టిగా వేస్తాడు, నేను తిడతాను, నేర్చుకుంటాడు. నువ్వూ మొదట్లో అలాగే వేసేవాడివి, మర్చిపోయావు. సాయంత్రం మాత్రం వచ్చి అందరికీ నీ నోటితో చెప్పు. ఫోనులో కాదు. ముఖాలు చూసి చెప్పు.”

“వస్తానత్తా. నువ్వు దిగేవేళకే వస్తాను.”

“పాసై రా. ఫెయిలై వస్తే ఎక్కించుకోం.”

తలుపు మీద అరచేత్తో చరిచిన చప్పుడైంది. మేస్త్రీ. చెయ్యి తుడుచుకున్న రుమాలు జేబులో కుక్కుకుంటూ అవతలి పక్కనుంచి మెట్లెక్కి సీట్లో కూలబడ్డాడు, భోజనం బరువుతో ఒకసారి నిట్టూర్చాడు. దూది ఫోను పెట్టేసి ముఖం తుడుచుకున్నాడు. మేస్త్రీ ఆ ముఖం వైపు, ఆ ఫోను వైపు చూశాడు, ఆసక్తిగా కాదు, రోడ్డు మీద అడ్డం ఏమైనా ఉందా అని చూసినట్టు చూశాడు.

“ఎవరు?”

“మా అత్త అండి.” ఇన్నేళ్ళూ మర్యాదకు పిలిచిన పిలుపు, పరాయి మనిషి అడిగితే అదే నోట్లోంచి వచ్చింది, తడుముకోకుండా.

“ఏమంటోంది?”

“వెళ్ళమంటోందండి.”

“అయితే తియ్యి మరి, చూస్తావేం,” అన్నాడు మేస్త్రీ.

దూది బండి తీశాడు.